అరుగు మీద పెట్టిన వాటా

నాకు కరోనా రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతిసారీ లేదనే వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు, వాసన పోలేదు. మా వీధిలో అందరికంటే క్షేమంగా ఉన్నది మేస్టారే అని ఊరంతా చెప్పుకుంది. అలా క్షేమంగా ఉండి ఉండి, చివరికి నేల మీద కూర్చుంటే లేవలేని మనిషినయ్యాను. ఇప్పుడు కాస్త తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను. రాస్తే నా మనసు కుదుటపడుతుంది. ఎక్కడో ఏ ఇంట్లోనో కుర్చీలో కూలబడి ఉన్న ఇంకో పెద్దాయనకి పనికొచ్చినా రావచ్చు.

మాది కళింగపట్నం. మా నాన్న సముద్రం మీదికి వెళ్లేవాడు. నన్ను బడికి పంపాడు, నేను బడిలోనే ఉండిపోయి పంతుల్నయ్యాను. ఊరంతా నన్ను "మేస్టారూ, మీరు" అంటుంది. మా ఆవిడ నూకాలు మాత్రం పెళ్లయిన నాటి నుంచి "నువ్వు" అనే అంటుంది. ఉద్యోగం నుంచి దిగిన మర్నాడే తెల్లారకముందు ఒడ్డుకి వెళ్లి మా బావ ఎర్రయ్య వల దగ్గర తాడు పట్టుకున్నాను. ఎర్రయ్య నూకాలుకి అన్న, అతనూ నన్ను నువ్వనే అంటాడు. పెద్ద వల అతనిదే.

పెద్ద వల సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. పడవ వెళ్లి సముద్రంలో వలతో చుట్టు తిరిగి వస్తుంది. రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి చేరతాయి. ఒక్కో తాడుకి ఒక్కో వరస మనుషులు. తాడు నడుముకి ఆనించుకుని, మడమలు ఇసుకలో దించి, వెనక్కి వెనక్కి నడవాలి. వరస చివరికొచ్చినవాడు తాడు వదిలి ముందుకు నడిచి, నీళ్ల దగ్గర మళ్లీ పట్టుకోవాలి. వల ఒడ్డెక్కేదాకా ఇదే తిరుగుడు. శ్రీకాకుళంలో నా తోటి మేస్టార్లు కాలేజీ గ్రౌండులో బూట్లేసుకుని చేతులూపుకుంటూ నడుస్తుంటే నాకు నవ్వొచ్చేది.

తాడు పట్టినవాడికి చేపల్లో వాటా ఉంటుంది. పట్టనివాడికి ఉండదు, వల గలాయన సొంత కొడుకైనా సరే. ఒక్కరికే మినహాయింపు. తాడు పట్టే మనిషి చనిపోతే, ఏడాది తిరిగేదాకా అతని వాటా అతని ఇంటికి చేరుతుంది. దానికొక పద్ధతి ఉంది. ఆకులో చుట్టి అరుగు మీద పెట్టి వెళ్లిపోవాలి. పిలవకూడదు, పలకరించకూడదు. పిలిస్తే ఇంట్లోవాళ్లు బయటికి రావాలి, ఏదో ఒకటి అనాలి, ఏడవాలి. ఆ కష్టం వాళ్లకి మళ్లీ మళ్లీ పెట్టకూడదని పెద్దలు అలా ఏర్పాటు చేశారు. ఈ పద్ధతి గుర్తుంచుకోండి, నా జబ్బంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

2020, వేసవి

ఒడ్డు మూతపడింది. పోలీసు జీపు వచ్చి మైకులో చెప్పి వెళ్లింది. పడవలు బోర్లించి పెట్టారు. మొదటి వారం సెలవులిచ్చిన పిల్లవాడిలా ఉన్నాను. నిద్రపోయాను, పాత పుస్తకాలు దులిపాను, టీవీలో కరోనా కేసుల లెక్కలు చూశాను. రెండో వారానికి టీవీ ఒక్కటే మిగిలింది.

మా అబ్బాయి విశాఖ హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. అప్పుడు అక్కడే చిక్కుకుపోయాడు, తర్వాత కూడా పని అక్కడే. ఇంట్లో నేను, నూకాలు, కోడలు ధనలక్ష్మి. ధనలక్ష్మి మంచి పిల్ల. ఆ మంచితనం నా కాళ్ల మీదికి రావడం మొదలైంది అప్పుడే. పెరట్లో బోరింగు కొడదామని వెళితే, బకెట్ లాగేసుకునేది. "మావయ్యా, మీరు కూకోండి. నానున్నాను కదా." నీళ్లు ఆమే పట్టేది, మొక్కలకి ఆమే పోసేది, నా పంచె కూడా ఆమే ఉతికేది. ఎక్కడి నుంచో చేతుల కుర్చీ ఒకటి తెప్పించి అరుగు పక్కన, గుమ్మం లోపల వేసింది. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ. కూర్చుంటే వీధంతా కనిపిస్తుంది. హాయిగా ఉందన్నాను.

ఒడ్డు మళ్లీ తెరిచారు గానీ, అరవై దాటినవాళ్లు రావద్దన్నారు. అప్పుడే ఒక పొద్దున మా అరుగు మీద ఆకుపొట్లం కనిపించింది. లోపల నెత్తళ్లు, వేలెడంత చేపలు. బావ పంపాడని తెలుస్తూనే ఉంది. పిలవకుండా వెళ్లిపోయాడేమని అడిగితే నూకాలు కసిరింది. "కరోనా కాదేటి? నీతో మాటాడి నీకంటించీమంటావేటి?" నిజమే కదా అనుకున్నాను. బావ ప్రేమకి కళ్లు చెమర్చాయి కూడా. నెత్తళ్లు వేపుడు చేయించుకుని తిన్నాను. ఆ తర్వాత కూడా పొట్లాలు అలాగే, పిలుపు లేకుండా వస్తూనే ఉన్నాయి.

2021, మళ్లీ వేసవి

ఈ వేసవి గురించి ఎక్కువ రాయలేను. ధనలక్ష్మి వాళ్ల నాన్న పోయాడు. ఆయన నాకంటే చిన్నవాడు. సంతకి వెళ్లొచ్చాడు, అంతే. ఆసుపత్రి గేటు దగ్గరే ఈ పిల్లని ఆపేశారు. చివరిచూపు దక్కలేదు. ఇంటికొచ్చి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నా కుర్చీ ముందు నిలబడింది.

"మావయ్యా, గడప దాటితే నా మీద ఒట్టే," అంది.

ఏమంటాను? దాటనన్నాను.

ఆ ఒట్టు నేను నిలబెట్టుకున్నాను. పెరటి తలుపు కూడా నాకు ఊరి పొలిమేరంత దూరమైపోయింది. అన్నం కుర్చీలోనే, కాఫీ కుర్చీలోనే. నేల మీద పీట వేసుకుని కూర్చోవడం మానేశాను. మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. కిందపడ్డ కళ్లజోడు తీసుకోవాలన్నా కేకేసేవాణ్ని. "ఉండండి మావయ్యా, నానున్నాను కదా," అంటూ పరుగెత్తుకొచ్చేది. మా ఇద్దరికీ అది ఎంత అలవాటైపోయిందంటే, నేను వంగబోతే ఆమె ముఖం తెల్లబోయేది. నన్ను చూసినప్పుడల్లా ఆ పిల్లకి వాళ్ల నాన్నే కనిపిస్తున్నాడని నాకు తెలుసు. కాదనడానికి నోరు రాలేదు.

తొడలు పంచెలో వదులైపోయాయి. నూకాలు ఒకసారి నా పిక్క పట్టుకుని చూసి, "ఇదేటయ్యా, కండెలిపోయి తోలు మిగిలినాది," అంది. వయసన్నాను. నిజంగానే వయసనుకున్నాను. మనం చేసే పొరపాటు ఇదే. రెండేళ్లలో వచ్చిన దాన్ని కూడా వయసు ఖాతాలో వేసేస్తాం.

2022, వానలు తగ్గాక

మాస్కులు పోయాయి. పెళ్లిళ్లు మొదలయ్యాయి. శ్రీకూర్మం వెళ్లే బస్సుల్లో జనం కిక్కిరిసి నిలబడి వెళ్తున్నారు. ధనలక్ష్మి ఒట్టు కూడా తీసేసింది. నేను మాత్రం కుర్చీలోనే ఉన్నాను. వెళ్లాలనిపించేది, లేవాలనిపించేది కాదు. లేవడానికి రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, ఒకసారి ఊగి, రెండోసారి ఊగి, అప్పుడు లేవాలి. అంత కష్టపడి లేచి ఎక్కడికి వెళ్లాలి?

ఆ వానల్లోనే ఎదురింటి సింహాచలం పోయాడు. తాడు దగ్గర నా ముందు నిలబడేవాడు. అతని వీపు చూస్తూ ఎన్నో ఏళ్లు వెనక్కి నడిచాను. గుండె ఆగిపోయిందన్నారు.

కొన్నాళ్లకి ఒక పొద్దున నేను కుర్చీలో ఉన్నాను. బావ వీధిలోకి వచ్చాడు, చేతిలో రెండు ఆకుపొట్లాలు. ఎదురింటి అరుగు దగ్గర ఆగాడు. వంగి ఒక పొట్లం పెట్టాడు. తలెత్తలేదు, పిలవలేదు. వెనక్కి తిరిగి మా అరుగు దగ్గరికి వచ్చాడు. వంగి రెండో పొట్లం పెట్టాడు. తలెత్తలేదు, పిలవలేదు. లోపల చీకట్లో నేనున్నానని చూడనైనా చూడకుండా వెళ్లిపోయాడు.

రెండు అరుగులు. రెండు ఆకులు. అటు సింహాచలం, ఇటు నేను.

కరోనా పోయి ఎంత కాలమైంది? ఇంకా పిలవడేం? నా వాటా ఎప్పుడు చచ్చినవాడి వాటా అయిపోయింది? నాకు భయమేసింది. ఆ తర్వాత కోపమొచ్చింది. నాకు కోపమొస్తే బడిలో బెత్తం కూడా అక్కర్లేదనేవారు. ఊగి లేచాను. పొట్లం తీసుకుని ఎవరికీ చెప్పకుండా ఒడ్డుకి బయల్దేరాను.

ఇసుకలోకి వచ్చాక అసలు సంగతి తెలిసింది. తారు రోడ్డు మీద ఎలాగో నడిచిన కాళ్లు ఇసుకలో నావి కాకుండా పోయాయి. అడుగు వేస్తే దిగిపోతోంది, దిగిన అడుగు పైకి రావడం లేదు. రెండో వల లాగుతున్నారు. నేను పొట్లం ఇసుకలో పడేసి, వరసలో దూరి తాడు పట్టుకున్నాను. నన్ను చూసి ఎవరో "మేస్టారొచ్చినారు!" అని కేక వేశారు. మడమ దించబోయాను. మోకాలు మడత పడింది. మెల్లగా, మర్యాదగా, ఇసుకలో కూలబడ్డాను.

లేవలేకపోయాను. చేతులు ఆనించాను, ఇసుకలోకి దిగిపోయాయి. బోర్లా తిరిగాను, మోకాళ్ల మీదికి రాలేకపోయాను. వల సగంలో ఉంటే లాగడం ఆపకూడదు, వలలో చేప నిలవదు. కాబట్టి వాళ్లు నా చుట్టూ తిరిగి లాగుతూనే ఉన్నారు. నా తలపక్క నుంచి పాదాలు వెనక్కి వెనక్కి పోతున్నాయి. ఆ పాదాల మధ్య చంటిపిల్లాడిలా కూర్చుని ఏడ్చాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

వల ఒడ్డెక్కాక బావ వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు.

"నీకేటి తక్కువైనాదని వచ్చినావు బావా? సేప ఇంటికే వస్తన్నాది కదా!"

"సచ్చినోడి వాటా నాకొద్దు," అన్నాను. ఎన్నేళ్లు పుస్తకాల భాష మాట్లాడినా, ఆ క్షణంలో మా నాన్న భాషే వచ్చింది.

బావకి అర్థం కాలేదు. ఇసుకలో పడున్న ఆకుపొట్లం చూశాడు. నన్ను చూశాడు. మెల్లగా అర్థమైంది. ముఖం వాడిపోయింది.

"కరోనా అని దూరంగా పెట్టీసి పోనాను. అలగే అలవాటైపోనాది. నానలగ అనుకోనేదు బావా. అమ్మతోడు, అనుకోనేదు," అన్నాడు. నా ఒంటి మీది ఇసుక దులుపుతూ మళ్లీ అన్నాడు. "నువ్వు మరింక రావనుకున్నాను. అది మాత్రం నిజివే."

ఆ చివరి మాట నన్ను కోసింది. అబద్ధం చెప్పనందుకు అతన్ని ఇంకా ఎక్కువగా ప్రేమించాను.

వాటా ఆపెయ్యమన్నాను. బావ ఒప్పుకోలేదు. "నువ్వు తాడట్టిందాకా పంపుతాను. ఈసారి నుంచి పిలిసి ఇస్తాను. నువ్వు తాడట్టినాక మాత్రం, రాని రోజు ఒక్క నెత్తలైనా ఇవ్వను. సరేనా?" సరేనన్నాను. నన్ను బండి మీద కూర్చోబెట్టి ఇంటికి తెచ్చాడు.

ఆ చలికాలం

ధనలక్ష్మి నన్ను శ్రీకాకుళం తీసుకెళ్లింది. ఎముకల డాక్టరు దగ్గర జనం. గోడ పొడుగునా కుర్చీలు, కుర్చీల నిండా నా వయసువాళ్లు. అందరి చేతులూ మోకాళ్ల మీదే. నా పక్కన శ్రీకూర్మం వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు.

"నీకేటయ్యింది బాబూ?" అన్నాడు.

"కూర్చుంటే లేవలేకపోతున్నానండి."

"నానూ అంతే. కరోనాకి మావోడు పొలానికెల్లొద్దన్నాడు. నీళ్లు కట్టడానిక్కూడా మనిసిని పెట్టీసినాడు. మంచోడే. ఇపుడు గట్టెక్కమంటే గట్టెక్కనేను."

మంచోడే అన్న మాట విని ధనలక్ష్మి తల దించుకుంది. ఇంతలో ఆయన్ని పిలిచారు. ఆయన ఊగాడు, లేవలేదు. నా వైపు చెయ్యి చాపాడు. నేను పట్టుకుని లాగబోయాను. నేనూ లేవలేదు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, కూర్చునే ఊగుతున్నాం. ఆయనకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. నవ్వుతో ఇంకా బలం పోయింది. చివరికి మూడో ఊపులో ఇద్దరం ఒకేసారి లేచి ఒకరి మీద ఒకరం పడబోయి నిలబడ్డాం. గదిలో అందరూ నవ్వారు. ఎన్నో నెలల తర్వాత నేను కడుపారా నవ్వింది అక్కడే. ఆయన పేరు అడగడం మర్చిపోయాను.

డాక్టరు నా తొడ నొక్కి చూశాడు, ఎక్స్‌రే చూశాడు. ఎముక బాగానే ఉంది, పని లేక కండ కరిగిపోయింది, పని పెడితే కొంత తిరిగి వస్తుందన్నాడు. నన్ను వ్యాయామాల గదిలోకి పంపాడు. అక్కడున్న అమ్మాయిది విజయనగరం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేవలేదు. ఎత్తు కుర్చీ వేసింది. లేచాను. అంతే, అదే మందు. లేవడం, కూర్చోవడం. కుర్చీ ఎత్తు తగ్గించుకుంటూ రావడం. చివరికి నేల మీద నుంచి లేవడం.

మేం బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయి ధనలక్ష్మితో అంది. "అక్కా, ఒక్క మాట. తాతగారు లేస్తున్నప్పుడు పక్కనే ఉండండి. పడిపోతుంటే పట్టుకోండి. లేవడానికి మాత్రం చెయ్యి ఇవ్వకండి."

తిరుగు బస్సులో ధనలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక కిటికీలోంచి చూస్తూ అంది. "మిమ్మల్ని నానే ఇలగ సేసినాను కదా మావయ్యా."

"నువ్వు లేకపోతే ఈ మాట వినడానికి కూడా నేనుండేవాణ్ని కాదేమో," అన్నాను. అది ఊరడింపు కాదు. ఆ రెండు వేసవుల్లో ఏం జరిగేదో ఎవరికి తెలుసు? ఆ పిల్ల నన్ను కాపాడింది, ఆ కాపాడడంలోనే నా కాళ్లు పోయాయి. రెండూ నిజమే. ఏదో ఒకటి తేల్చమని నన్నెవరూ అడగకండి.

ఇంట్లో సాధన నాకంటే ఆమెకే కష్టమైంది. చాప పరిచి నేను కూర్చుంటే, ఎదురుగా తనూ కూర్చునేది. నేను పక్కకి తిరిగి, మోచెయ్యి ఆనించి, మోకాలు ముడిచి, గిలగిల్లాడుతుంటే ఆమె చేతులు తమంతట తామే ముందుకొచ్చేవి. వాటిని వెనక్కి తీసుకుని చీరకొంగు పిడికిలిలో బిగించి పట్టుకునేది. కళ్లనిండా నీళ్లు. నూకాలు వంటింట్లోంచి అరిచేది. "ఒసే, నువ్వేడిస్తే ఆయన లేస్తాడేటి? సూడకు!" ఆమె చూడకుండా ఉండలేకపోయేది. నేను లేవలేక కోపంతో ఒకరోజు ఆ చాప తీసి విసిరేశాను. మర్నాడు ఏమీ జరగనట్టే మళ్లీ పరిచింది.

ఎర్ర కుర్చీ పెరట్లోకి వెళ్లింది. దాని మీద నూకాలు ఒడియాలు ఎండబెట్టుకుంది. బోరింగు నాకు తిరిగొచ్చింది. మొదట చెంబు, తర్వాత సగం బకెట్. బావ రోజూ చేపలతో వచ్చి వీధిలోంచే కేక వేసేవాడు. "మేస్టారు బావా! బతికున్నావేటి?" ఆ కేక కోసం పొద్దున్నే తల దువ్వుకుని ఎదురుచూసేవాణ్ని.

సంక్రాంతి చలి పోయి, ఎండ ముదురుతున్న రోజుల్లో, నేల మీద నుంచి ఒక్కణ్నే లేచాను. అందంగా లేవలేదు. ముందు గొడ్డులా నాలుగు కాళ్ల మీదికి వచ్చి, తర్వాత గోడ పట్టుకుని లేచాను. ధనలక్ష్మి పిడికిలి విప్పింది. కొంగు నలిగి ముద్దైపోయింది. అదే ముద్దతో కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు

తాడు పట్టిన రోజు గురించి గొప్పగా రాయాలని ఉంది గానీ, ఆ రోజు పెద్దగా ఏమీ జరగలేదు. వరసలో సింహాచలం ఉండే చోట ఎవరో కుర్రాడున్నాడు. అతని వెనక నిలబడ్డాను. రెండు తిరుగుళ్లు తిరిగి, ఊపిరాడక పక్కకొచ్చాను. ఇసుకలో కూర్చున్నాను. అందరూ చూడనట్టు నటిస్తూ చూస్తున్నారు. నాలుగు కాళ్ల మీదికొచ్చి లేచాను. మళ్లీ వెళ్లి పట్టుకున్నాను. వాటాలు వేసేటప్పుడు బావ నా పేరు పిలిచి కవళ్ల చేపలు నా చేతిలో పోశాడు.

పూర్తిగా పాత మనిషినయ్యానని చెప్పను. ఎడమ మోకాలు మాట వినదు. కొన్ని రోజులు తాడు పట్టలేక, ఒడ్డు మీద కూర్చుని లాగిన తాడు చుట్టలు చుడతాను. అదీ పనే, దానికీ వాటా ఉంది. ఇది చదివే కొడుకులకీ కోడళ్లకీ ఒక్కటే చెప్పుకుంటాను. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో చెంబు ఉంటే ఉండనివ్వండి. పక్కన నిలబడండి, చాలు. పెద్దవాళ్లకి చెప్పేదేమంటే, హాయిగా ఉన్న కుర్చీని కొంచెం అనుమానించండి.

మొన్న ఒక రోజు వాన పట్టింది. మోకాలు సలుపుతోంది. బద్ధకం కూడా ఉంది, అబద్ధమెందుకు. ఒడ్డుకి వెళ్లలేదు. వాన వెలిశాక అరుగు మీద కూర్చున్నాను. లోపల నూకాలు అల్లం వెల్లుల్లి నూరి, చింతపండు నానేసి, అన్న తెచ్చే చేప కోసం చూస్తోంది.

బావ వీధిలోకి వచ్చాడు. చేతిలో బుట్ట, బుట్టలో కానాగంతలు మెరుస్తున్నాయి. నన్ను చూశాడు. నా ఎదురుగా ఆగాడు.

"ఏటి బావా, ఈయేళ తాడుకి రానేదు?"

"వానకదా అని."

"మాకు పడనేదేటి వాన?" అన్నాడు. బుట్ట ఇంకో చేతికి మార్చుకుని, వెనక్కి చూడకుండా చక్కా పోయాడు.

నూకాలు గుమ్మంలోకి వచ్చింది. "అన్నియ్య అలగ ఎల్లిపోనాడేటి? సేపేదీ?"

"ఇవ్వలేదు."

"ఇవ్వనేదా? ఏటి, తగువాడినారా?"

"తాడు పట్టలేదు కదా నేను. పట్టనివాడికి వాటా ఎక్కడిది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆమెకి తెలియలేదు. నాకూ తెలియలేదు. ధనలక్ష్మి మాత్రం లోపల కిసుక్కున నవ్వింది.

నూరిన ముద్దంతా వంకాయల్లో పడింది. నేను పీట వేసుకుని నేల మీద కూర్చున్నాను. చేప లేదని నూకాలు సణుగుతూనే వడ్డించింది. రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నాను. తిన్నాక నేనే లేచి, నా కంచం నేనే తీసుకుని పెరట్లోకి వెళ్లాను.